శ్రావ్యము, అశ్రావ్యము: అంతరిక్షనౌకా క్రీడారూపకములలోని వార్తాసాధనములు

వాల్తేరు మెట్టపై నిలిచి తూర్పుదిక్కు చూచినచో, రేవులోనికి వంతు రాని ఓడలు కడలిలో లంగరు వేసికొని యుండుట కనబడును. రాత్రివేళ వాని దీపములు తప్ప మరేమియు కానరాదు. ఒక ఓడలోని కేక వేరొక ఓడకు వినబడదు. అయినను అవి యెల్లప్పుడును మాటలాడుకొనుచునే యుండును. నావికులందరును చెవియొగ్గి యుండవలసిన మార్గము 16వ చానలు. దాని పౌనఃపున్యము 156.8 మెగాహెర్ట్జ్. పిలుపును, ఆపదలోని మొరయు ఆ మార్గముననే వినబడవలెను. పిలుపునకు జవాబు వచ్చినంతనే ఆ యిరువురును వేరొక చానలునకు తొలగి తమ పనిని మాటలాడుకొందురు. అందరును వినవలసినది యేది, ఇరువురికి మాత్రము చాలునది యేది యను విభాగము లేనిచో, 1933లో తెరువబడిన ఈ రేవున ఒక్కదినమైనను పని సాగదు.

ఈ విభాగము రేడియోతో పుట్టినది కాదు. పదవ శతాబ్దియందు మాళవరాజగు ముంజుని ఆస్థానమున నుండిన ధనంజయుడు తన దశరూపకమున, రంగముపై పలుకబడు మాటను వినికిడినిబట్టి మూడు తెగలుగా విభజించియున్నాడు. అందరును వినదగినది సర్వశ్రావ్యము. దీనికే ప్రకాశమని పేరు. ఎవ్వరును వినరానిది అశ్రావ్యము, ఇది స్వగతము. కొందరు మాత్రమే వినదగినది నియతశ్రావ్యము. ఇది మరల రెండువిధములు: పదిమందిలో నుండియే త్రిపతాకహస్తమును అడ్డముగా పట్టి ఒకరితో మాత్రము పలుకుట జనాంతికము, ప్రక్కకు తిరిగి ఒకనికి రహస్యము చెప్పుట అపవారితము. ఇవి గాక, రంగముపై లేని వ్యక్తిని సంబోధించి, అతని జవాబును విన్నట్లు నటించి మరల పలుకుట ఆకాశభాషితము. నాటకములను చదువుకొన్న మనకు ఈ పేర్లు కుండలీకరణములలోని సూచనలుగానే మిగిలిపోయినవి. ఇవి నేడు వేరొక రంగమున ప్రాణముతో సంచరించుచున్నవని చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

ప్రస్తుత విషయము

ఈ కాలమున పలువురు ఆటగాండ్రు వేర్వేరు గృహములందో, వేర్వేరు దేశములందో కూర్చుండి, కంప్యూటరు ద్వారా ఒక్క కల్పితలోకమున ప్రవేశించి, తలకొక పాత్రను ధరించి ఆడెడి ఆటలు బహుళముగా వ్యాపించినవి. వానిలో అంతరిక్షనౌక రంగస్థలముగా గలవి ఒక ప్రత్యేకశాఖ. ఒకడు నాయకుడు, ఒకడు చుక్కాని పట్టువాడు, ఒకడు వైద్యుడు, ఒకడు యంత్రములను చూచువాడు. వ్రాసియిచ్చిన సంభాషణలు లేవు. పాత్రధారియే తత్కాలమున మాటను కల్పించుకొనవలెను. కథ యెట్లు ముగియునో ఎవ్వరికిని ముందు తెలియదు. వీనిని ఇందు క్రీడారూపకములని వ్యవహరింతము.

ఈ రూపకములందు పాత్రలు మాటలాడుకొనుటకు నౌకలో కొన్ని సాధనములు అమర్చబడియుండును. చెవికి తగిలించుకొను రేడియో, గోడకు బిగించిన మాటపెట్టె, చేతిలోని చిన్నయంత్రముపై వ్రాసి పంపెడి లేఖ మొదలగునవి యట్టివి. విమర్శకులు సాధారణముగా ఆటలోని దృశ్యవైభవమును, కథను, పోటీని గూర్చి ముచ్చటింతురు గాని ఈ రేడియోను పనిముట్టుగా నెంచి విడిచిపెట్టుదురు. అది సరికాదు. వ్రాతప్రతి లేని రూపకమునకు, ఎవరి మాట ఎవరికి వినబడవలెనను నియమమే వ్రాతప్రతి. ఆ నియమమును కూర్చినవాడే ఆ రూపకమునకు కవి. ఈ మాటను మూడు నిదర్శనములతో స్థాపింపవచ్చును.

మూడు నిదర్శనములు

ఈ జాతి ఆటలకు మూలపురుషుడు 1978లో ఇంగ్లండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు నిర్మించిన మడ్ అను ఆట. అందు బొమ్మ లేదు, అంతయు అక్షరమే. ఆ తెగలో తరువాత పుట్టిన ఆటలందు పలుకుటకు ఒక ఆజ్ఞ, అరచుటకు ఒక ఆజ్ఞ, చెవిలో చెప్పుటకు ఒక ఆజ్ఞ, దూరమున నున్న ఒక్కనికే తెలుపుటకు ఒక ఆజ్ఞ వేర్వేరుగా నేర్పడినవి. దశరూపకమును చదివి యెవ్వరును ఇట్లు చేయలేదు. పలుపాత్రలు ఒకచోట కూడిన మాత్రమున ఈ విభాగము తనంత తానే అవసరమైనది. శాస్త్రము కల్పితము కాదు, కళాస్వభావమునుండి గ్రహింపబడినదే యనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

మొదటి నిదర్శనము 2010లో వెలువడిన ఆర్టెమిస్. ఇది అంతరిక్షనౌకయొక్క అధికారపీఠమును అనుకరించు ఆట. ఆటగాండ్రందరును ఒక్కగదిలో కూర్చుందురు. చుక్కాని, ఆయుధములు, యంత్రములు, శాస్త్రపరిశీలన, వార్తలు అను శాఖలకు వేర్వేరు తెరలు గలవు. వార్తాధికారి ఇతరనౌకలతోను స్థావరములతోను లేఖావ్యవహారము నడపును. శత్రువును లొంగిపొమ్మని అడుగునది కూడ అతడే. ఇందలి విశేషమేమనగా నాయకునికి తనదైన యంత్రమే లేదు. ఎదుటి పెద్దతెరను చూచుట, అనుచరులు చెప్పినది వినుట, ఆజ్ఞాపించుట, ఇంతియే అతని పని. గదిలోని మాట యంతయు సర్వశ్రావ్యమే. కాని ఎవని తెర వానికే దృశ్యము. కావున ఇచట మాట యనునది ఒకని కంటిని మరియొకనికి అప్పిచ్చుటయే. నాయకుడు ఎంత సమర్థుడైనను వార్తాధికారి మాటను తప్పుగా చదివెనా, నౌక మునిగినట్లే.

రెండవది 2003నుండి ఆడబడుచున్న స్పేస్ స్టేషన్ 13. దీని రంగము నౌక యనుటకంటె స్థావరమనుట తగును. కాని చలనము తప్ప తక్కిన లక్షణములన్నియు నౌకవే. మన పరిశీలనకు ఇంతకంటె సంపన్నమైన ఆట లేదు. ఇందు ప్రతిపాత్రకును చెవిరేడియో గలదు. మాటకు ముందు ఒక గుర్తు నుంచినచో అది 145.9 అను సామాన్యమార్గమున అందరికిని వినబడును. వేరొక గుర్తుంచినచో యంత్రశాఖవారికో, వైద్యశాఖవారికో, రక్షకభటులకో మాత్రమే వినబడును. ఏ గుర్తును లేనిచో ప్రక్కనున్నవారికి మాత్రమే. చెవిలో చెప్పిన మాట దగ్గరివానికి స్పష్టముగాను, కొంచెము దూరమున నున్నవానికి అక్షరములు చెదరి నడుమనడుమ చుక్కలు పడియు కనబడును. ధనంజయుని ప్రకాశ జనాంతిక అపవారితములు మూడును ఒక్కొక్క గుర్తుగా మారినవి. త్రిపతాకహస్తమునకు బదులు ఒక విరామచిహ్నము!

పైగా శాస్త్రము చూడని సూక్ష్మత ఒకటి ఇచట గలదు. నాటకమున అపవారితము సంపూర్ణరహస్యము. రంగముపై నున్న ఇతరపాత్రకు ఒక్క అక్షరమైనను వినబడరాదు. ఇచట సగము వినబడు రహస్యము గలదు. సగము విన్నవాడు తక్కినసగమును ఊహించుకొనును. ఆ యూహ తప్పగును. ఆ తప్పునుండి ఒక కథ పుట్టును. ప్రహసనకర్తలు కష్టపడి కల్పించు అపార్థమును ఇచట సాధనమే ప్రసవించుచున్నది.

మూడవది 2018లో వెలువడి, 2020లో మహమ్మారికాలమున ప్రపంచమంతట వ్యాపించిన అమాంగ్ అస్. స్కెల్డ్ అను నౌకలో పనివారందరు తమ పనులు చేసికొనుచుందురు. వారిలో ఒకరో యిద్దరో వేషధారులగు హంతకులు. ఈ ఆట మూడింటిలో మిక్కిలి పేదది. మాటకు సంబంధించినంతవరకు మిక్కిలి కఠినమైనది. పని జరుగుచున్నంతసేపు ఎవ్వరును మాటలాడరాదు. ఒక శవము కనబడినప్పుడో, సభను పిలుచు మీట నొక్కబడినప్పుడో మాత్రమే నోళ్లు తెరువబడును. అప్పుడు అందరి మాటయు అందరికిని వినబడును. తరువాత మరల నిశ్శబ్దము. అనగా ఒక దీర్ఘస్వగతము, నడుమ ఒక సంక్షిప్తప్రకాశము. జనాంతికమున కిచట తావే లేదు. అందువలననే అనుమానము అంత ఘనీభవించును: ప్రక్కవానితో మెల్లగా ఒక్కమాట చెప్పుకొనగలిగినచో భయము సగము తీరును. ఆ యుపశమమును ఈ ఆట ఇవ్వదు.

మూడాటలందును నౌక యొక్కటే, నక్షత్రములొక్కటే, పాత్రలును ఇంచుమించుగా ఒక్కటే. వినికిడి నియమము మాత్రము వేరు. మొదటిదానియందు వీరమును, రెండవదానియందు హాస్యాద్భుతములును, మూడవదానియందు భయానకమును ప్రధానమగుటకు కారణము ఈ భేదమే గాని వేరు కాదు.

ప్రేక్షకుడెవరు?

ఇచట ఒక చిక్కు గలదు. జనాంతికము రంగముపైనున్న పాత్రకు వినబడదు గాని ప్రేక్షకునికి వినబడును. ఆ ప్రేక్షకుడు అన్నియు విన్నవాడు కావుననే పాత్రల అజ్ఞానమును చూచి నవ్వగలుగుచున్నాడు, ఏడ్వగలుగుచున్నాడు. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయమున యుగంధరుని వెర్రిమాటలు ఢిల్లీవారికి వెర్రిగాను, మనకు మంత్రాంగముగాను వినబడుటయందే ఆ నాటకముయొక్క బలము గలదు. క్రీడారూపకమున అందరును పాత్రధారులే. అన్నియు వినువాడెవ్వడును లేడు. సహృదయుడు లేనిచోట రసమెట్లు నిష్పన్నమగును?

ఆటలను కట్టినవారు దీనికి తెలిసియో తెలియకయో ఒక సమాధానము చూపినారు. ఆటలో మరణించిన పాత్ర రంగమునుండి తొలగిపోదు, ప్రేతరూపమున నిలిచియుండును. అమాంగ్ అస్ నందు చచ్చినవాడు ఎచటికైనను గోడలలోనుండి పోగలడు. సభలో బ్రతికినవారు పలికినది చూడగలడు. తోడి ప్రేతములతో మాటలాడగలడు. బ్రతికినవారికి మాత్రము ఒక్కమాటయు తెలుపలేడు. స్పేస్ స్టేషన్ 13లో ప్రేతము అన్నిశాఖల రేడియోలను వినగలదు. అనగా క్రీడారూపకమున మరణించినవాడే ప్రేక్షకుడు. జ్ఞానము సంపూర్ణమైన క్షణముననే వాక్కు నశించును.

దీనిని మనవారు ఎరుగనివారు కారు. మహాభారతమున ధృతరాష్ట్రుడు హస్తినాపురమునుండి కదలడు. వ్యాసానుగ్రహమున దివ్యదృష్టిని పొందిన సంజయుడు యుద్ధవార్తను అతనికి వినిపించును. తిక్కన యుద్ధపంచకమంతయు ఈ వినికిడి చట్రములోనిదే. ఆ రాజు అంతయు వినును. కాని అతని మాట కురుక్షేత్రమున కొక్కటియు చేరదు. భీష్ముడు కూలిన పిదప ఆ వార్త అతనికి తెలియును. తెలిసిన పిదప చేయగలిగినది వగచుట మాత్రమే. ఏకముఖమైన వార్తాసాధనము శోకమును పుట్టించును; ద్విముఖమైనది ఉత్సాహమును పుట్టించును. ఆర్టెమిస్‌లోని నాయకుడు వినును, ఆజ్ఞాపించును; కావున వీరుడు. అమాంగ్ అస్ లోని ప్రేతము వినును, మూగయై యుండును, కావున ధృతరాష్ట్రుడు. స్నేహితులలో మొదట చచ్చిన ఆటగాడు ఆట ముగిసినంతనే ఆతురతతో తాను చూచినదంతయు చెప్పుటకు పూనుకొనుట చూచినవారికి ఈ పోలిక వింతగా తోపదు.

దూతయు, యంత్రమును

సాధనము నిర్వికారమైనది, దూత మనస్సు గలవాడు అని ఒక భేదమును చెప్పవచ్చును. మన రూపకసంప్రదాయమున వార్త యెన్నడును ఉత్తచేతులతో పోలేదు. భామాకలాపమున సత్యభామ వ్రాసిన లేఖ మాధవి చేతిమీదుగా పోవలెను. ఆ మాధవి చెలికత్తెయు, హాస్యపాత్రయు, సూత్రధారునికి మారురూపమును. ఆమె వెక్కిరించును, బేరమాడును, ముక్కుసొమ్మును కానుకగా నడుగును. లేఖకంటె లేఖను మోయునామె యెక్కువసేపు రంగమున నిలుచును. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయములందు రాయబారి సాక్షాత్తు కృష్ణుడే కావున, సందేశముకంటె సందేశహరుడే ప్రధానుడగుట చెప్పనక్కరలేదు. పల్లెపల్లెల ప్రజలు ఆ నాటకమును రాయబారమను పేరుతోనే పిలుచుట గమనింపదగినది.

రేడియో వచ్చినంతనే మాధవి మాయమగునని తలంతుము. కాని స్పేస్ స్టేషన్ 13 కర్తలు ఆమెను మరల ప్రవేశపెట్టినారు. ఆ స్థావరమునందు ఒక కృత్రిమబుద్ధియంత్రము గలదు. ఆ యంత్రపాత్రను కూడ ఒక ఆటగాడే ధరించును. అది అన్నిశాఖల మార్గములను వినును. తలుపులను తెరువగలదు, మూయగలదు. ఐజాక్ అసిమోవ్ కథలనుండి గ్రహించిన మూడుశాసనములకు అది బద్ధము: మనుష్యునికి హాని చేయరాదు, ఆజ్ఞను పాటింపవలెను, తన్ను తాను కాపాడుకొనవలెను. దుష్టుడెవడైనను ఆ శాసనములను మార్చివేయవచ్చును. అప్పుడు అందరి రహస్యములను విన్న ఆ పాత్ర ఎవరికి ఏది చెప్పునో తెలియదు. కావున ఇచట వార్తామార్గము నిర్జీవమైన తీగ కాదు. దానికొక స్వార్థము, ఒక ధర్మసంకటము గలవు. ఉత్తమమైన క్రీడారూపకము యంత్రమునందు దూతను దాచి యుంచునని దీనివలన తెలియుచున్నది.

చెడిన సాధనము

సముద్రతీరపు దారిని పోవువారు కురుసుర జలాంతర్గామిని చూచియుందురు. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002నుండి అది ప్రదర్శనశాలగా నున్నది. లోనికి పోయి చూచినవారికి తెలియును: అది ఒక గది కాదు, ఇనుపతలుపులతో వేరుపరుపబడిన అరల వరుస. నీరు ఒక అరలోనికి ప్రవేశించినచో ఆ తలుపు మూయబడవలెను. మూసిన తలుపునకు ఆవలివాడు ఈవలివానికి మాటద్వారా మాత్రమే బ్రతికియుండును. ఆ ఇరుకుదారిలో నడచిన పిదప, అంతరిక్షనౌకాక్రీడలందు వార్తాసాధనము చెడిపోవుట ఎందుకంత భయమును పుట్టించునో వివరింపనక్కరలేదు.

అమాంగ్ అస్ నందు హంతకుడు చేయగలిగిన ద్రోహములలో వార్తాయంత్రమును చెరచుట ఒకటి. అది చెడినంతసేపు ఎవరు ఏ పని చేయవలెనో తెలుపు పట్టిక కనబడదు, కాపలాతెరలు పనిచేయవు. వార్తల గదికి పోయి, మరను త్రిప్పి, తరంగమును సరిపోల్చినగాని అది మరల బాగుపడదు. చూచితిరా, ఈ ఆటలో పనివారు రేడియోలో మాటలాడుకొననే కొనరు. అయినను వార్త తెగినంతనే వారికి తాము చేయవలసిన పనియే తెలియకుండపోవుచున్నది. కర్తవ్యమనునది ఇతరులతోడి సంబంధమునుండి వచ్చునదే గాని ఒంటరిగా నుండునది కాదను తత్త్వము ఈ చిన్న ఆటలో ఎంత సులభముగా చెప్పబడినది!

స్పేస్ స్టేషన్ 13లో మాటలను మోసెడి యంత్రముల గది వేరుగా గలదు. అది ధ్వంసమైనచో చెవిరేడియోలు మూగబోవును. అప్పుడు పాతరకపు చేతిపెట్టెలను వెదకికొన్నవారు, పరుగెత్తి వార్తను మోసెడివారు, కాగితముపై వ్రాసి పెట్టెడివారు బయలుదేరుదురు. ఒక్క గడియలో నాగరకసమాజము రాయబారులయుగమునకు తిరిగిపోవును. సాధారణనాటకమున సాధనము చెడుట ప్రదర్శనదోషము. ఇచట అది కథాంగము. ధ్వనివాహకము చెడినచో మన రంగస్థలమున నటుడు చిన్నబుచ్చుకొనును. ఈ రంగమున నటునికి అప్పుడే పని ప్రారంభమగును.

ఔచిత్యవిచారము

ఈ వాదమున కొక ఆక్షేపము గలదు. ఆటగాండ్రకు ఆటలోని రేడియో ఒక్కటియే శరణ్యము కాదు. వారి ప్రక్కన టెలిఫోను గలదు. ఒకే గదిలో ఇద్దరు మిత్రులు కూర్చుండి ఆడవచ్చును. ఆటలోని సాధనము మూగబోయినను వారు మాటలాడుకొనగలరు. అట్టిచో ఈ నియమములన్నియు బూటకములే కదా యని ఆక్షేపము.

బూటకములే, నాటకమంతయు బూటకమే. జనాంతికమున త్రిపతాకహస్తమునకు ఆవల నిలిచిన నటునికి చెవులు లేవా? అతడు ప్రతియక్షరమును వినును, వినియు విననట్లుండును. నటుడు విన్నదానిని పాత్ర వినలేదని అంగీకరించుటయే నాట్యధర్మము. క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణమనెను. క్రీడారూపకమున ఆ ప్రాణము ఈ ఒక్క నియమముననే నిలిచియున్నది. మిత్రుడు టెలిఫోనులో హంతకుని పేరు చెప్పగా విని, దానినిబట్టి ఆటలో ఓటు వేయువాడు గెలువవచ్చును. కాని అతడు పాత్రను చంపినవాడు. అతని యపరాధము ఆటలోని హంతకుని యపరాధముకంటె పెద్దది. ఏలయన హంతకుడు కథలోని మనుష్యుని చంపును. ఇతడు కథను చంపును. విననట్లుండగల శక్తియే ఈ కళయందు నటనాకౌశలము. దాని నభ్యసించినవాడే ఉత్తమనటుడు.

తెలుగుమాట యోగ్యత

ఇంతవరకు చెప్పినది సర్వభాషాసామాన్యము. తెలుగుశాఖవారికి విశేషముగా సంబంధించిన అంశము మిగిలియున్నది. ఈ ఆటలను మన యువకులు ఆడుచున్నారు. ఆజ్ఞలు ఆంగ్లమున నుండును. మాటలు తెలుగున నుండును. ఆ తెలుగు ఈ సాధనములకు తగియున్నదా?

రేడియోలో మాటలాడువాడు మీట నొక్కి పలికి మీట వదలును. తొందరలో ముందుగనే వదలినచో తుదియక్షరములు తెగిపోవును. తెలుగువాక్యమున క్రియ తుదినుండును. పురుషబోధ, వచనబోధ, మర్యాద, నిషేధము అన్నియు ఆ క్రియయొక్క తోకయందే చేరియుండును. "మూడవ అర తలుపు" అని వినబడి తక్కినది తెగినచో, తెరువవలెనో మూయవలెనో తెలియదు. అంతకంటె ప్రమాదకరమైనది నిషేధము. "తెరవండి", "తెరవకండి" అను రెండింటికిని నడుమనున్నది ఒక్క కకారము. గ్రాంథికమున "తెరువుము", "తెరువకుము" అన్నను భేదమంతియే. చప్పుడులో ఆ యొక్క అక్షరము జారినచో నిషేధము విధియగును. ఆవల నీరు నిండిన అరయున్నచో ఆ కకారముయొక్క మూల్యము ప్రాణములు.

నిజమైన నావికులు ఈ యపాయమును గుర్తించినవారే. అంతర్జాతీయ సముద్రయానసంస్థ 2001లో అంగీకరించిన ఆంగ్లవాక్యసంగ్రహమున, మాటకు ముందే అది యే జాతిదో తెలుపు ఎనిమిది గుర్తుపదములు నిర్ణయింపబడినవి: ఆదేశము, సలహా, హెచ్చరిక, సమాచారము, ప్రశ్న, జవాబు, కోరిక, సంకల్పము. గుర్తుపదమును ముందు పలికి తరువాత వాక్యమును పలుకవలెను. చుక్కాని పట్టువాడు తన కిచ్చిన ఆజ్ఞను మరల పలికి పిదప పాటింపవలెనను ఆచారమును ఇట్టిదే. నాటకకర్త పాత్రపేరు ప్రక్కన "ప్రకాశముగా" అని వ్రాయుటకును, నావికుడు మాటకుముందు "హెచ్చరిక" అని పలుకుటకును ప్రయోజనమొక్కటే: మాట చెవిన పడకముందే వినువాని మనస్సును సిద్ధము చేయుట.

తెలుగునకు ఈ శక్తి లేదనుట తగదు. మనభాషయందు పదముల వరుస స్వతంత్రము. క్రియను ముందునుంచి కర్మను వెనుక నుంచుట వ్యాకరణవిరుద్ధము కాదు. పద్యములందు కవులు నిత్యము చేయుచున్నదే. నిషేధమునకు "వద్దు" అను వేరుపదము మనకు గలదు. అది స్ఫుటమైనది, ద్విత్వముతో బలము గలది, కకారమువలె జారునది కాదు. "వద్దు, తెరవవద్దు, మూడవ అర తలుపు" అన్నచో తుది తెగినను అర్థము నిలుచును. చదువుకొన్న యువకులు రేడియోలో ఆంగ్లమునకు మరలుటకు కారణము తెలుగు చాలకపోవుట కాదు; ఈ యుపయోగమునకు తెలుగును ఎవ్వరును మలచి చూపకపోవుట.

మర్యాదావాచకములను గూర్చియు ఒకమాట. ఆటలో నాయకుడు చిన్నవాడు, యంత్రకారుడు అతనికి అన్న కావచ్చును. రేడియోలో "అన్నా, యంత్రము ఆపు" అన్నచో పాత్ర తొలగి గృహస్థు కనబడునని కొందరు రూపకప్రియులు విసుగుకొందురు. వేదమువారు పాత్రోచితభాషను ప్రతిపాదించిన నాడును ఇట్టి విసుగు పండితులకు కలిగినదే. విచారించినచో మన ఓడరేవునందును, ఉక్కుకర్మాగారమునందును పనివారు పదవిని వరుసతో పిలుచుట సహజము. తెలుగువారు నడుపు నౌకలో "అన్నా", "బాబాయి" అను పిలుపులు వినబడుట అనౌచిత్యము కాదు. అన్న యను మాట ఆ పాత్రకు సంబోధనమా, ఆ పాత్రధారికి సంబోధనమా యనునదే విచార్యము. పాత్రకైనచో అది తెలుగునౌక. పాత్రధారికైనచో అది టెలిఫోనులోని గుసగుసవంటిదే.

ముగింపు

వినికిడికి హద్దులు గీయుటయే రూపకరచన యని, ఆ హద్దులను గౌరవించుటయే నటన యని, ఈ రెండును క్రొత్తయాటలందు ప్రాచీనశాస్త్రానుసారముగనే వర్తించుచున్నవని పై విచారమువలన తేలినది. ధనంజయుడు చెప్పనివి రెండు మాత్రము ఇందు గలవు: సగము వినబడు రహస్యము, మరణించిన ప్రేక్షకుడు. రేపు ఈ జాతి రూపకములకు లక్షణగ్రంథము వ్రాయువారు ఈ రెండింటికిని పేర్లు పెట్టవలసియుండును.

ఒక్క చింత మిగులుచున్నది. యక్షగానములు ఆడి మాసిపోయినవి కావు. తాటాకుపై వ్రాసియుంచినవారు గలరు కావుననే, మన విశ్వవిద్యాలయముననే ఎస్.వి. జోగారావుగారు 1961లో ఆంధ్ర యక్షగాన వాఙ్మయచరిత్రను వెలయింపగలిగిరి. క్రీడారూపకములలో పలుకబడు తెలుగు ఆట ముగిసినంతనే గాలిలో కలిసిపోవుచున్నది. అక్షరరూపమున సాగెడి ఆటలందు ఆ సంభాషణను భద్రపరచుట సులభము. పాత్రధారుల అనుమతిని గైకొని, పేర్లు తొలగించి, కొన్నింటినైనను తెలుగుశాఖలు సేకరించి యుంచవలెను. చదువుకొన్న ఇరువదియేండ్లవాడు, చీకటి నౌకలో, మూసిన తలుపునకు ఆవలనున్న తోడివానితో, తన మాతృభాషలో తొందరగా ఏమి పలికెనో రేపటివారు తెలిసికొనవలదా? లంగరు వేసిన ఓడల దీపములు మనకు కనబడుచున్నవి. వాని మాట వినుటకు సరియైన చానలున చెవియొగ్గవలెను.